పన్నెండుతో భాగించిన బతుకు

నెలకు 10,218 రూపాయలు. దేశంలో సగటు రైతు కుటుంబం ఆదాయం ఇంతేనని జాతీయ నమూనా సర్వే 77వ విడతలో తేలింది. 2018 జూలై నుంచి 2019 జూన్ దాకా వేసిన లెక్క అది. మహారాష్ట్ర వరకే చూస్తే 11,492. ఆ అంకె ఎంత తక్కువో చూడండని ఒకాయన బల్ల గుద్దుతాడు. 2012-13లో 6,426 ఉన్నది ఇంత పెరిగింది కదా అని ఇంకొకాయన ఎదురు బల్ల గుద్దుతాడు. ఇద్దరికీ పడని విషయాలు నూటొకటి ఉన్నా, ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు: ఇంటి పరిస్థితి తెలియడానికి నెల సగటు తెలిస్తే చాలునని. నా పేచీ ఆ మాటతోనే.

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న కిన్వట్ తాలూకాలో వాన మీద పత్తి పండించే ఇంటికి వెళ్ళి "నెలకెంత వస్తుంది?" అని అడిగి చూడండి. "నెలకా?" అన్న ఎదురు ప్రశ్నే వస్తుంది. అది తెలియక అడిగే ప్రశ్న కాదు. ఆ ఇంట్లో డబ్బుకు నెలలు లేవు, రుతువులే ఉన్నాయి.

లెక్క కోసం ఒక ఇంటిని ఊహించుకుందాం. నాలుగెకరాల చెలక, పత్తి, మధ్యలో కంది సాళ్ళు, సందు దొరికితే కూలి. జూన్‌లో చేతికొచ్చేది 3,000. కలుపు కూలి పుణ్యాన జూలై, ఆగస్టుల్లో నాలుగేసి వేలు. సెప్టెంబరులో మళ్ళీ 3,000, అక్టోబరులో 6,000. తొలి ఏరుడు పత్తి అమ్మితే నవంబరులో 45,000, డిసెంబరులో 40,000. మిగిలిన పత్తి, కంది కలిసి జనవరిలో 22,000, ఫిబ్రవరిలో 10,000. మార్చిలో 3,000. ఏప్రిల్, మే నెలల్లో రెండేసి వేలు. పెట్టుబడి తీయకముందు మొత్తం 1,44,000. పన్నెండుతో భాగిస్తే నెలకు సరిగ్గా 12,000.

ఇప్పుడు పదో తరగతి పిల్లలు చేసే పనే మనమూ చేద్దాం. ఈ పన్నెండు అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పెడితే నడిమధ్య నిలిచే అంకె, అంటే మధ్యగతం, 4,000. ఎక్కువసార్లు కనిపించే అంకె, బాహుళకం, 3,000. పన్నెండు నెలల్లో తొమ్మిది నెలలు సగటుకు కిందే ఉన్నాయి. ప్రామాణిక విచలనం 14,700కు కాస్త తక్కువ. అంటే ఎగుడుదిగుడు సగటునే మించిపోయింది. పన్నెండు వేలు వచ్చిన నెల ఒక్కటంటే ఒక్కటి లేదు.

పక్క ఇంట్లో ప్రైవేటు బడి చప్రాసీ ఉన్నాడనుకోండి. ఒకటో తారీఖున 12,000 జీతం, ఏడాది పొడుగునా అంతే. సగటు పన్నెండు వేలు, మధ్యగతమూ అంతే, విచలనం సున్నా. సగటును నమ్ముకున్న పెద్దమనిషికి ఈ రెండు ఇళ్ళూ ఒకటే. ఊళ్ళో సావుకారుకు మాత్రం ఒకటి కావు. ఏ ఇంటి గడప తొక్కాలో ఆయనకు బాగా తెలుసు.

జూన్‌లో మిరుగం, అంటే మృగశిర కార్తె, రాగానే విత్తనాలు, ఎరువులు. ఆ నెలలోనే బడులు తెరుస్తారు, పిల్లలకు పుస్తకాలు, బట్టలు. ఆదాయం అడుగంటి ఉన్నప్పుడే ఖర్చు నెత్తికెక్కుతుంది. ఈ ఇంటివాళ్ళు జూన్‌లో 50,000 అప్పు తెచ్చారనుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. డిసెంబరులో తీర్చేసరికి వడ్డీ 9,000. చప్రాసీ ఇంటికి ఈ 9,000 ఖర్చు లేనేలేదు. అంటే సగటులో కనబడని ఎగుడుదిగుడుకు ఒక ధర ఉంది, ఆ ధర ఏటా కట్టాలి. మహారాష్ట్రలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 2014లో చట్టం వచ్చింది. కానీ జూన్‌కూ నవంబరుకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ చట్టమూ తగ్గించలేదు.

వడ్డీతో పోతే బాగానే ఉండును. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. ఆ ధర దక్కాలంటే పత్తిలో తేమ ఎనిమిది శాతం దగ్గర ఉండాలి, పన్నెండు దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టాలి, బండి కట్టాలి, ఖాతాలో డబ్బు పడేదాకా ఆగాలి. అప్పు నెత్తిన ఉన్నవాడు ఆగలేడు. తొలి ఏరుడు పత్తి తడి ఆరకముందే ఊళ్ళోకి వచ్చిన బేరగాడి కాంటా ఎక్కుతుంది. తరుగు ఎంత తీస్తే అంత. ఓపిక ఉన్నవాడికి ఒక ధర, లేనివాడికి ఇంకో ధర. ఆ ఓపికకు కారణం గుణం కాదు, చేతిలో ఉన్న నిల్వ.

"అలాగైతే పత్తి అమ్మిన డబ్బు ఒద్దికగా దాచుకోవచ్చు కదా, బండి కొనడమెందుకు, అంత పెళ్ళెందుకు" అనే సలహా ఒకటి తయారుగా ఉంటుంది. జీతగాళ్ళు ఇచ్చే సలహా ఇది. డిసెంబరులో వచ్చిన 40,000లో జూన్ అప్పు ఎంత పోయిందో వాళ్ళు అడగరు. జూన్ దాకా దాచాలంటే ముందొక ఏడాది అప్పు లేకుండా గడవాలి. ఆ మొదటి ఏడాది ఎక్కణ్ణుంచి వస్తుంది?

కిరాణా కొట్టు గల్లా పక్కనుండే ఉద్దెర పుస్తకం తెరిస్తే, ఏ సర్వే కంటే కూడా ఈ ఎగుడుదిగుడు బాగా అర్థమవుతుంది. పొడుగాటి పుస్తకం, ఇంటికో పేజీ. జనవరిలో పేజీ ఇంచుమించు ఖాళీ. జూలైకల్లా ఉప్పు, చాపత్తా, నూనె వరసగా దిగుతాయి. నూనె లీటరు కాదు, పావుకిలో. పొలాల అమావాస్య ముందు ఎద్దుల ముకుతాళ్ళు, కొమ్ములకు రంగు, కొంచెం బెల్లం. సెప్టెంబరుకు పేజీ నిండి, ఇంకో ఇంటి పేజీ వెనక్కి పాకుతుంది. నవంబరు చివర్లో అడ్డంగా ఒక గీత. కొట్టాయన ఏ ఇంటికీ సగటు కట్టడు. ఏ నెలలో ఎంత దాకా ఇవ్వవచ్చో, ఎప్పుడు ఆపాలో చూస్తాడు. గణాంక శాస్త్రం చదవకుండానే ఆయన వ్యాప్తిని లెక్కపెడుతున్నాడు.

మహారాష్ట్రలో 2024 జూలై నుంచి లాడ్కీ బహీణ్ పథకం కింద అర్హులైన ఆడవాళ్ళకు నెలకు 1,500 ఇస్తున్నారు. దీన్ని ఉచితాల కింద జమకట్టి, సగటు ఆదాయంలో ఇదెంతని తీసిపారేసేవాళ్ళున్నారు. మన లెక్కలో 12,000కు 1,500 అంటే ఎనిమిదో వంతే. అదే మే నెలలో వచ్చిన 2,000 పక్కన పెట్టి చూడండి, ముప్పావు వంతు. ఆ పథకం వెనక ఉన్న ఓట్ల లెక్కను నేను వెనకేసుకురావడం లేదు. కానీ అంత చిన్న మొత్తం అన్ని ఓట్లను ఎందుకు కదిలిస్తుందో సగటు చెప్పలేదు, మధ్యగతం చెబుతుంది.

ఇక సరిహద్దు. 1956 నవంబరు 1 దాకా కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి వెళ్ళింది. ఇక్కడి తెలుగువాళ్ళకు చుట్టాలూ సంబంధాలూ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. అందుకే "అవతలివాళ్ళే బాగుపడ్డారు" అన్న మాట ప్రతి పెళ్ళిపందిట్లో వినబడుతుంది. దానికి తెలంగాణ తలసరి ఆదాయం రుజువు. ఆ తలసరిలో హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీల సంపాదనంతా కలిసి ఉందని ఎవరూ గుర్తుచేయరు. 2023-24 ఖర్చుల సర్వేలో తెలంగాణ పల్లెల్లో మనిషికి నెలకు 5,435, మహారాష్ట్ర పల్లెల్లో 4,145. సరే, అవతలివాళ్ళే గెలిచారు. మరి రైతు కుటుంబం ఆదాయం? ఇందాకటి 77వ విడతలోనే తెలంగాణది 9,403, మహారాష్ట్ర కంటే రెండు వేలు తక్కువ. రైతు కుటుంబం సగటు అప్పు తెలంగాణలో 1,52,113, మహారాష్ట్రలో 82,085. ఒక సగటుతో అవతలివాళ్ళు పైన, ఇంకో సగటుతో ఇవతలివాళ్ళు పైన. ఎవరికి కావలసిన సగటు వాళ్ళు ఏరుకుంటున్నారు.

పైగా ఖర్చు పెరగడమే బాగుపడటమని ఎవరన్నారు? ఆసుపత్రి బిల్లు కూడా వినియోగ ఖర్చులోనే పడుతుంది. విత్తనాలకూ ఎరువులకూ పెట్టింది మాత్రం ఆ ఖర్చులోకి రాదు. రోగం వచ్చిన ఇల్లు కాగితం మీద కలిగిన ఇల్లవుతుంది.

ఇంత విన్నాక "లెక్కలన్నీ మోసమే, బతుకును అంకెలతో కొలవలేం" అని చేతులు దులుపుకునే మేధావులతోనూ నాకు పొసగదు. అంకెలు ఏ తప్పూ చేయలేదు. 2023-24 సర్వే నివేదికలోనే ఉంది: దేశంలో పల్లె జనంలో అట్టడుగు ఐదు శాతం మనిషికి నెలకు 1,677 ఖర్చు పెడితే, పైనున్న ఐదు శాతం 10,137 పెట్టింది. సగటు 4,122. మూడూ ఒకే పుస్తకంలో అచ్చయ్యాయి. టీవీలో చదివింది ఒక్కటే. అలాగే 77వ విడతలో ఒకే రైతు ఇంటికి రెండుసార్లు వెళ్ళారు. మొదటిసారి జూలై నుంచి డిసెంబరు దాకా, రెండోసారి జనవరి నుంచి జూన్ దాకా ఏమొచ్చిందో, ఏం పోయిందో అడిగారు. ఏడాదికి రెండు ముఖాలున్నాయని అడిగినవాళ్ళకు తెలుసు. జనం దాకా వచ్చేసరికి అవి రెండూ కలిసిపోయి, పన్నెండుతో భాగించిన ఒక్క అంకె మిగిలింది.

పంట రుణం ఏ నెలలో చేతికి రావాలి, సీసీఐ కాంటా ఏ వారంలో మొదలవ్వాలి, కేంద్రం రైతుకు ఏటా ఇచ్చే ఆరు వేలు నాలుగు నెలలకోసారి సమానంగా ఇవ్వాలా, లేక మిరుగానికి ముందే ఇవ్వాలా: వీటిలో ఒక్కదానికీ 10,218 జవాబు చెప్పదు. జూన్ అంకె చెబుతుంది. ఆ అంకెను తాలూకావారీగా అడగాల్సింది కిన్వట్ తహసీలులో, ముంబైలో, ఢిల్లీలో.