ఒక్క ఓటమితో ఇంటికా?

పండుగ వచ్చిందంటే మన పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ పోటీలు మొదలవుతాయి. చాలాచోట్ల అవి నాకౌట్ పద్ధతిలోనే జరుగుతాయి. చీట్లు తీస్తారు. ఎవరి పేరు ఎదురైతే వారితో ఆడాలి. ఓడితే తిరుగు బస్సు ఎక్కాలి. నెల రోజులు సాధన చేసి, చందాలు వేసుకుని వచ్చిన కుర్రాళ్ళకు దక్కేది ఒక్క ఆట. ఇది న్యాయమేనా అని ఓడినవారు అడుగుతూనే ఉంటారు. నాకౌట్ అంటే ఇంతే అని నిర్వాహకులు సరిపెడుతూనే ఉంటారు. అయితే నాకౌట్ పోటీని ఒక జాతీయ ఉత్సవంలా నడిపే దేశంలో ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పుకున్నారో చూడడం మంచిది.

ఆ దేశం స్పెయిన్. ఆట బాస్కెట్‌బాల్. పోటీ పేరు కోపా దెల్ రే, అంటే రాజుగారి కప్పు. 1933లో మొదలైంది. నియంత ఫ్రాంకో ఏలుబడిలో సర్వసేనాని కప్పు అనేవారు. 1977 నుంచి రాజు పేరు వచ్చింది. ఆడేవారంతా జీతం తీసుకునే వృత్తి క్రీడాకారులు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో, ఒకే ఊళ్ళో, గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజుల్లో ముగిస్తారు. ఎనిమిది జట్లు, ఏడు ఆటలు. మూడు ఆటలు గెలిచిన జట్టుదే కప్పు. ఒక్కటి ఓడినా పెట్టె సర్దుకోవలసిందే.

ఈ పద్ధతిలో చిన్న జట్టుకు ఆశ ఉంటుంది. మన్రేసా అనేది బార్సిలోనాకు దగ్గరలో లక్ష జనాభా కూడా లేని పట్టణం. 1996లో ఆ ఊరి జట్టు ఫైనల్లో ఏకంగా బార్సిలోనా క్లబ్బునే ఓడించి కప్పు పట్టుకుపోయింది. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన జోన్ క్రియూస్ వయసు అప్పటికి 39 ఏళ్ళు. కుర్రాళ్ళ ఆటలో ఆ వయసువాడు జట్టును ముందుండి నడిపాడు.

అలాగని నాకౌట్ పెడితే చాలు, చిన్నవారు గెలిచేస్తారనుకోవడం భ్రమ. 2010 నుంచి 2022 దాకా పదమూడు కప్పులూ రెండే క్లబ్బులు పంచుకున్నాయి. బార్సిలోనాకు ఏడు, రియల్ మాడ్రిడ్‌కు ఆరు. ఈ రెండూ ఫుట్‌బాల్‌లో కోట్లు గడించే పెద్ద సంస్థల జట్లు. ఆ వరుసను 2023లో మాలగా నగరం జట్టు తెంచింది. మొదటి ఆటలో బార్సిలోనాను, సెమీ ఫైనల్లో మాడ్రిడ్‌ను ఇంటికి పంపి, ఫైనల్లో తెనెరిఫే జట్టును గెలిచింది. 2025లో మళ్ళీ అదే జట్టు మాడ్రిడ్‌ను ఓడించి కప్పు తీసుకుంది. నాకౌట్ తలుపు తెరుస్తుంది, అంతే. లోపలికి నడవాల్సింది జట్టే.

ఒక్క ఆటతో తేల్చే పద్ధతిలో మరో చిక్కు రిఫరీ ఈల. 2019 ఫైనల్లో మాడ్రిడ్ మీద బార్సిలోనా అదనపు సమయంలో 94-93తో గెలిచింది. చివరి క్షణాల్లో రిఫరీలు ఇచ్చిన నిర్ణయాల మీద పెద్ద రగడే జరిగింది. వీడియో చూసి తీర్పు చెప్పే సౌకర్యం ఉన్నచోటే ఇలా జరిగితే, సున్నం గీతల మీద ఆడే మన ఆటల సంగతి వేరే చెప్పాలా?

ఇన్ని చిక్కులున్నా అక్కడివారు కప్పును వదులుకోలేదు. ఎందుకంటే ఆ నాకౌట్ వెనుక ఒక లీగ్ ఉంది. లీగ్‌లో 18 క్లబ్బులు. ప్రతి జట్టూ మిగతా అన్నింటితో ఆడాలి. సగం సీజన్‌లో 17 ఆటలు ముగిశాక మొదటి ఏడు స్థానాల్లో ఉన్నవారికే కప్పులో చోటు. ఎనిమిదో చోటు ఆతిథ్యమిచ్చే ఊరి జట్టుకు. ఆ జట్టు ముందే ఏడింటిలో ఉంటే తర్వాతి స్థానంవారికి. కప్పులో మొదటి రోజే ఓడినా ఆ జట్టుకు ఆట ఆగిపోదు. లీగ్‌లో మిగిలిన సగం దానికోసం కాచుకుని ఉంటుంది. ఓటమి దుఃఖం కొద్ది రోజులే.

మనం తెచ్చుకున్నది ఆ కప్పులో సగమే. ఓడించి పంపే సగం తెచ్చుకున్నాం, ఆడించే సగం వదిలేశాం.

మిగతా సగం కూడా పెట్టడానికి రోజులు చాలవని నిర్వాహకులు అంటారు. లెక్క వేసి చూద్దాం. పన్నెండు జట్లు వస్తే నాకౌట్‌కు 11 ఆటలు కావాలి. అదే పన్నెండింటిని మూడేసి చొప్పున నాలుగు గుంపులు చేస్తే, ఒక్కో గుంపులో మూడు ఆటలు, మొత్తం 12. గుంపుల్లో మొదట నిలిచిన నలుగురికి రెండు సెమీ ఫైనల్స్, ఒక ఫైనల్. అన్నీ కలిపి 15. పెరిగింది నాలుగంటే నాలుగు ఆటలు. దానితో ప్రతి జట్టుకూ కనీసం రెండు ఆటలు దక్కుతాయి. ఒక పూట ముందు మొదలుపెడితే సరిపోతుంది.

ఇంకొక మాట. ఆతిథ్యమిచ్చే ఊరి జట్టుకు అనుకూలంగా చీట్లు పడ్డాయన్న అనుమానం మన పోటీల్లో తరచు వింటాం. స్పెయిన్‌లో ఆ జట్టుకు చోటు ఇవ్వడం నిబంధనలోనే ఉంది, దాపరికం లేదు. లీగ్‌లో మొదటి నాలుగు స్థానాలవారు తొలి రోజుల్లోనే ఒకరితో ఒకరు తలపడకుండా చీట్లు తీస్తారు. సొంత ఊరు కదా అని కప్పు ఒళ్ళో వచ్చి పడదు. 2011లోనూ, 2019లోనూ మాడ్రిడ్‌లో జరిగితే ఫైనల్లో మాడ్రిడ్‌ను ఓడించి గెలిచింది బార్సిలోనా. 2012లో బార్సిలోనాలో జరిగితే అదే తీరున గెలిచింది మాడ్రిడ్. మన ఊళ్ళలోనూ కెప్టెన్లందరినీ నిలబెట్టి, వారి ఎదుటే చీట్లు తీస్తే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

షీల్డు ఎంత పెద్దది, నగదు బహుమతి ఎంత అన్నదాని మీద ఉన్న శ్రద్ధ, వచ్చిన కుర్రాళ్ళు ఎన్ని ఆటలు ఆడి వెళ్ళారన్నదాని మీద కూడా ఉండాలి. ఓడినవాడు మళ్ళీ ఏడు కూడా రావాలనుకుంటేనే పోటీ నిలుస్తుంది. వచ్చే పండుగకు కరపత్రం అచ్చువేయించే ముందు యువజన సంఘాలు, గ్రామ పెద్దలు ఈ నాలుగు ఆటల సంగతి ఆలోచించాలి.