విద్యుత్ ఫిరంగి: వేగం సరే... మన్నిక మాటేమిటి?

మందుగుండు అవసరం లేకుండా, కేవలం విద్యుత్తుతో గుండును విసిరే రైల్‌గన్ మళ్లీ చర్చనీయాంశమైంది. 2021లో అమెరికా నౌకాదళం పక్కన పెట్టిన ఈ ఆయుధాన్ని 2023 అక్టోబరులో జపాన్ సముద్రంలో నౌకపై నుంచి పేల్చి చూపింది. అగ్రరాజ్యం వదులుకున్నదానిని జపాన్ ఎందుకు పట్టుకున్నట్లు?

ఇందులోని సూత్రం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠమే. సమాంతరంగా రెండు లోహపు పట్టాలు, వాటి నడుమ రెంటినీ తాకుతూ జారే లోహపు ముక్క ఉంటాయి. కెపాసిటర్లలో నిల్వ చేసిన విద్యుత్తును రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో వదిలితే, లక్షల ఆంపియర్ల ప్రవాహం ఒక పట్టా వెంట సాగి, ముక్క గుండా రెండో పట్టాలోకి మళ్లుతుంది. అప్పుడు పుట్టే అయస్కాంత బలమే గుండును ముందుకు నెడుతుంది. అయితే అదే బలం రెండు పట్టాలనూ ఒకదానికొకటి దూరంగా తోస్తుంది. పైగా రాపిడికి, వేడికి లోహం కరిగి పట్టాలపై గాట్లు పడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

వర్జీనియా రాష్ట్రంలోని డాల్‌గ్రెన్ కేంద్రంలో అమెరికా 2008 జనవరిలో 10.64 మెగాజౌళ్ల శక్తితో, 2010 డిసెంబరులో 33 మెగాజౌళ్లతో గుండును ప్రయోగించింది. టన్ను బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వెళితే దానిలో ఉండే శక్తి ఒక మెగాజౌల్. రికార్డులు బాగానే మోగాయి. నిమిషానికి పది గుండ్లు పేల్చాలన్న లక్ష్యం ముందు మాత్రం పట్టాలు నిలవలేదు. సుమారు 50 కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత పని ఆగింది.

సొమ్మంతా వృథా అనలేము. రైల్‌గన్ కోసం రూపొందించిన గుండును మామూలు ఫిరంగుల్లోనూ పరీక్షించారు. 1903లో ఓస్లోలో బిర్కెలాండ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రదర్శించిన విద్యుత్ ఫిరంగి షార్ట్ సర్క్యూట్ కావడం, ఆ మెరుపులోంచే గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే మార్గం దొరకడం రైతులకు ఆసక్తి కలిగించే సంగతి.

2016లో పని చేపట్టిన జపాన్ దారి వేరు. గొట్టం వ్యాసం 40 మిల్లీమీటర్లే. గుండు బరువు సుమారు 320 గ్రాములు. సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా దాని శక్తి ఒక మెగాజౌల్‌కు లోపే. అమెరికా రికార్డు పక్కన ఇది పిల్ల కాలువ. కానీ వేగంతో పాటు, ఒకే గొట్టం నుంచి 120 గుండ్లు పేల్చగల మన్నికను కూడా వారు లక్ష్యంగా పెట్టుకున్నారు. నౌకపై ప్రయోగం దాకా రావడానికి ఈ నిదానమే కారణమనిపిస్తుంది.

మన రక్షణ పరిశోధన సంస్థ సైతం 12 మిల్లీమీటర్ల చదరపు గొట్టంతో పరీక్ష జరిపినట్లు 2017లో వార్తలు వెలువడ్డాయి. 30 మిల్లీమీటర్ల గొట్టం తదుపరి మెట్టు అన్నారు. ఆ పరీక్షల ఫలితాలు ప్రకటించేటప్పుడు గుండు వేగంతో సరిపెట్టక, పట్టాలు మార్చకుండా ఎన్ని గుండ్లు పేల్చగలిగారో కూడా అధికారులు వెల్లడించాలి. వ్యయమవుతున్నది ప్రజాధనం మరి.