గట్టు జారితే పైకి దారి లేదు

ఆదివారం తెల్లారేసరికి శ్రీకాళహస్తి పక్క తెలుగుగంగ కాలువ గట్టు మీద గేర్ సైకిళ్లు కనిపిస్తున్నాయి. కుప్పం వైపు హంద్రీ-నీవా గట్టు మీదా అదే వరస. రోడ్డు మీద లారీలకూ బస్సులకూ జడిసి, పొగా హారన్లూ లేని దారి కావాలని పిల్లలు అటు వెళ్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ ఆ గట్ల మీద తొక్కినవాణ్నే. కానీ ఆ గట్టు నుంచి లోపలికి జారితే ఈత వచ్చినవాడు కూడా తనంతట తాను బయటికి రావడం కష్టం. తొక్కేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంట్లో అమ్మానాన్నలకు అసలే తెలియదు.

నాకు తెలిసింది ఒక మేక వల్ల. కాలువ నిండుగా పారుతున్న రోజది. గట్టు అంచున మేస్తున్న మేక కాలు జారి, సిమెంటు వాలు మీదుగా నీళ్లలో పడింది. ఈదింది. సరిగ్గా ఒడ్డుకే వచ్చింది. ముందరి గిట్టలు సిమెంటుకు ఆనించి ఎక్కబోతే నాచు మీద సర్రున జారాయి. మళ్లీ ఆనించింది, మళ్లీ జారింది. అలా గీరుకుంటూనే పారుదలతో కిందికి పోతోంది. నాతో వచ్చిన కుర్రాడు సైకిల్ పడేసి వాలు మీద కాలు పెట్టబోయాడు. కాపరి గొంతు చించుకుని అరిచాడు: "దిగబాక నాయనా! దిగితే నువ్వు గూడా ఎక్కలేవు!" ఆయన మేక వెంట పరిగెత్తలేదు. దాన్ని దాటుకుని ముందుకు పరిగెత్తాడు. కింద వంతెన దగ్గర మెట్లున్నాయని ఆయనకు తెలుసు. ఆ మెట్ల మీద కూర్చుని, ఆకు కోసే దోటి చాచి, మేక దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, మెడతాడుకు కొక్కెం తగిలించి లాగాడు. మేక ముందరి గిట్టలు రెండూ అరిగి నెత్తురు కారుతున్నాయి.

నాలుగు కాళ్లున్న జీవానికే అంత కష్టమైతే, బూట్లు వేసుకుని, వీపున బ్యాగు తగిలించుకున్న పదిహేనేళ్ల పిల్లవాడి సంగతి ఆలోచించండి.

ఈ ప్రమాదం కాలువ కట్టిన తీరులోనే ఉంది. మద్రాసుకు తాగునీళ్లు ఇవ్వడానికి 1983లో కుదిరిన ఒప్పందంతో తవ్వింది తెలుగుగంగ కాలువ. కండలేరు నుంచి పూండి దాకా వెళ్లే దీని పొడవులో సుమారు 150 కిలోమీటర్లు మన రాష్ట్రంలోనే ఉంది. మట్టి గట్లు కోసుకుపోయి, నీళ్లు ఇంకిపోయి పూండికి సరిగా చేరకపోతే, సత్యసాయి ట్రస్టు డబ్బుతో 2000ల మొదట్లో కాలువను బాగుచేసి సిమెంటు లైనింగ్ వేశారు. నీళ్లు సాగాయి, ఊళ్లకు మేలు జరిగింది. హంద్రీ-నీవాదీ అదే దారి. 123 కిలోమీటర్ల కుప్పం బ్రాంచ్ కాలువకు 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు చేరిన రోజు మెట్ట రైతు కళ్లల్లో వెలుగు చూశాం. అయితే నీటికి ఎక్కడా అడ్డు తగలకూడదని నునుపుగా వేసిన ఆ లైనింగే, లోపల పడినవాడి చేతికి పట్టు దొరకనివ్వదు. మట్టి కాలువలో గడ్డి దుబ్బో, చెట్టు వేరో అందుతుంది. ఇక్కడ అందేది నాచు ఒక్కటే.

ఇంగ్లండులో కాలువ పక్కన సైకిల్ తొక్కే వీడియోలు ఫోన్లలో చూసి మనవాళ్లు ముచ్చటపడుతున్నారు. అక్కడి కాలువలు పడవల కోసం తవ్వినవి. నీళ్లు దాదాపు నిలిచే ఉంటాయి, చాలాచోట్ల మనిషి నిలబడితే తల పైకే ఉంటుంది. గట్టు మీది బాట పడవను లాగే గుర్రం నడవడానికి వేసింది. మనకూ అలాంటిదొకటి ఉంది, తడ దగ్గర పులికాట్ అంచున సాగే బకింగ్‌హామ్ కాలువ. పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవాళ్లు. తెలుగుగంగ, హంద్రీ-నీవా గట్లు అటువంటివి కావు. అవి ఇంజనీర్ల జీపు తిరగడానికి వేసిన గ్రావెల్ దారులు. వాన పడితే అంచుల్లో కోతలు పడతాయి, గ్రావెల్ కింది బంకమన్ను సబ్బులా మారుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే సైకిల్ ఎటు వాలు ఉంటే అటే పోతుంది.

ఎండిన కాలువ ఇంకో ఉచ్చు. ఆ వాలు మీద సర్రున దిగి ఎదుటి వాలు ఎక్కడం కుర్రాళ్లకు ఆటగా మారింది. హంద్రీ-నీవా నీళ్లు మన వానతో వచ్చేవి కావు. ఎక్కడో శ్రీశైలం వెనక జలాల దగ్గర మల్యాలలో మోటార్లు ఎత్తిపోస్తే, ఒక్కో లిఫ్టూ దాటుకుని ఇక్కడికి వస్తాయి. మన ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా పొద్దున ఎండిన కాలువ సాయంత్రానికి పారవచ్చు. ఖాళీగా ఉన్నా సరే, కాలువ లోపలికి సైకిల్ దించవద్దు.

కాలువ వాగు కింద నుంచి దాటే సైఫన్ల దగ్గరైతే మరీ జాగ్రత్త. అక్కడ పారుదల నేల కిందికి దూరుతుంది, దానితో పాటు దూరిన మనిషి అవతలి వైపు ప్రాణంతో తేలడు. సైఫన్ కనిపిస్తే సైకిల్ దిగి, నీళ్లకు దూరంగా నడిపించుకుని దాటండి.

ఎవరైనా పడితే వెంట దూకవద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన కబుర్లు మన జిల్లాల్లో ప్రతి ఏడాదీ వింటున్నాం. కాపరి చేసిన పనే చేయండి. మనిషిని దాటి ముందుకు పరిగెత్తండి, మెట్లో వంతెనో చూసుకుని అక్కడి నుంచి తాడు విసరండి. పదిహేను మీటర్ల నైలాన్ తాడు బ్యాగులో పంపు పక్కన పడుంటుంది, బరువేమీ కాదు. పంచె, చున్నీ, రెండు మూడు కలిపి ముడివేసినా పనికొస్తాయి. ఒకరు 112కు ఫోన్ చేస్తూ ఉండాలి, ఇంకొకరు కాలువ చూసుకునే లస్కరును వెతకాలి. షట్టరు దించి పారుదల తగ్గించే ఏర్పాటు ఆయనకు తెలుస్తుంది. నీళ్లలో ఉన్నవాడు ఎదురీది అలిసిపోకుండా వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టి, మెట్లు వచ్చేదాకా ఊపిరి కాపాడుకోవాలి.

కాలువ వదిలి పొలాల్లోకి తిరిగినా నిశ్చింత లేదు. చిత్తూరు సీమంతా పాత నేలబావులే. బోర్లు వచ్చాక వాటిని వదిలేశారు. పిట్టగోడ ఉండదు, చుట్టూ సర్కారు కంప అల్లుకుని నోరు కనబడదు. కాలిబాట సరిగ్గా దాని అంచునే మలుపు తిరుగుతుంది. తెలియని దారిలో చీకటి పడ్డాక తొక్కడమంటే ఆ బావుల మధ్య కళ్లు మూసుకుని నడవడమే. వేరుశనగకూ చెరకుకూ అడవిపందుల బెడద ఉన్నచోట లైను నుంచి నేరుగా కరెంటు ఇచ్చిన తీగలు మోకాలెత్తున సాగి ఉంటాయి. ఆ తీగలకు ఏనుగులూ పోయాయి, మనుషులూ పోయారు. రైతన్నలకు చేతులెత్తి చెబుతున్నా, పంట నష్టం నాకూ తెలుసు. తగిలిన జీవాన్ని బెదరగొట్టి వదిలేసే సోలార్ కంచె వేసుకోండి. లైను తీగ తీసేయండి.

ఇక ఏనుగులు. పలమనేరు, కుప్పం ప్రాంతంలో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం చుట్టూ గుంపులు తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడవి చంద్రగిరి దాకా వస్తున్నాయి. 2025 జనవరిలో ఆ మండలంలోనే పొలం దగ్గర ఒక మనిషి ప్రాణం తీశాయి. సైకిల్‌కు చప్పుడుండదు, మలుపు తిరిగేసరికి ఏనుగు ఎదురుగా ఉంటుంది. మట్టి దారిలో దాన్ని మించి తొక్కడం ఎవరివల్లా కాదు. తెల్లవారుజామునా మునిమాపునా అడవి అంచు గట్ల మీదికి వెళ్లకండి. బయల్దేరే ముందు ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగి "గుంపు ఎక్కడుంది?" అని అడగండి. ఏ మ్యాపుకన్నా అక్కడి మాటే నమ్మకం. శేషాచలం లోపలికి సైకిళ్లతో దూరడం మాత్రం వద్దే వద్దు. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో అడుగుపెట్టడమే నేరం. 2023 ఆగస్టులో ఆ కొండల్లోనే, అలిపిరి మెట్లదారిలో చిరుతకు బలైన ఆరేళ్ల పాపను ఇంకా మరిచిపోలేదు.

ఆశ్వయుజ, కార్తీక వానల్లో చప్టాల మీద పారే నీళ్లలో సైకిల్ దింపకండి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు, రాయలచెరువు కట్టకు లీకేజి పడి కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, మనకు అలవాటైన వాగులే ఎంత మారిపోతాయో చూశాం.

జలవనరుల శాఖకు ఒక మాట. లైనింగ్ కాలువల్లో నిర్ణీత దూరానికి నిచ్చెన మెట్లు ఉండాలన్నది మీకు తెలియని నియమం కాదు. ఉన్నచోట కొన్ని నాచు కింద పూడిపోయాయి, ఇంకొన్ని విరిగాయి, చాలాచోట్ల అసలు లేవు. సైఫన్‌కు ముందు కాలువకు అడ్డంగా గొలుసో, డ్రమ్ములు కట్టిన తాడో వేయండి. "ఇక్కడ దిగవద్దు" అని తెలుగులోనూ, చెన్నై నుంచి వచ్చేవాళ్ల కోసం తమిళంలోనూ బోర్డు పెట్టండి. గట్టు అంచున వాన కోతలు పూడ్చండి. నీళ్లు పారుతున్నప్పుడు ఈ పనులు కావు. కాలువ ఎండే ఆ కొద్ది నెలలే గడువు. వచ్చే వేసవికి టెండరు పిలవాలంటే ఫైలు ఈ వారమే కదలాలి.