రోడ్డు ఎవరిదో ఇంజనీరు తేల్చే లెక్క కాదు

రోడ్లు, బస్సులు, ఫుట్‌పాత్‌లు ఎలా ఉండాలో తేల్చడం నిపుణుల పని అనీ, జనాన్ని అడిగితే తలోమాట చెప్పి పని సాగనివ్వరనీ మన నగరాల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అధికారులే కాదు, చదువుకున్న మధ్యతరగతి కూడా దీన్ని నమ్ముతోంది. ప్రాజెక్టు నివేదిక తయారయ్యాక అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఒక ప్రకటన వేస్తే చాలు, ప్రజాభిప్రాయం తీసుకున్నట్టే. ఇది తప్పుడు అభిప్రాయం. వంతెన ఎంత బరువు మోయాలో ఇంజనీరే చెప్పాలి. ఆ వంతెన అసలు కావాలా, అదే డబ్బుతో బస్సులు కొనాలా, ఎవరి ప్రయాణం తేలికచేయడానికి ఎవరిని ఇంకో అరమైలు నడిపించాలి అన్నవి న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పే హక్కు ఆ రోడ్డు మీద బతికేవాళ్లందరిదీ.

నిపుణుల లెక్కకు పక్షపాతం ఉండదనేవాళ్లు ఆ లెక్క ఎలా కడతారో చూడాలి. మన దేశంలో రోడ్డు సామర్థ్యాన్ని ‘ప్యాసింజర్ కార్ యూనిట్’లలో కొలుస్తారు. కారు ఒకటైతే బస్సు సుమారు మూడు. అది రోడ్డు మీద పట్టే చోటును బట్టి వేసిన అంచనా, అంతవరకు సబబే. కానీ అరవై మందితో నిండిన సిటీ ఆర్డినరీ బస్సు అందులో మూడు కార్లంత అడ్డంకిగా కనిపిస్తుంది తప్ప అరవై మందిగా కనిపించదు. నడిచేవాళ్లకు అందులో అంకే లేదు. వాళ్లకోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడిగా మార్గదర్శకాలు రాసి, ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పున ఖాళీగా ఉండాలంది. హైదరాబాద్‌లో అలాంటివి ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మనం మాత్రం సిగ్నళ్లు లేని రోడ్ల పేరుతో ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ కట్టుకుంటూ పోయాం. సిగ్నల్ పోతే కారుకు హాయి. రోడ్డు దాటాల్సిన ముసలమ్మకు ఆ ఎర్రలైటే ఆధారం.

జరుగుతున్న ప్రయాణాలను సర్వే లెక్కపెడుతుంది. డబ్బుల్లేకో, భయపడో, బస్సు రాకో మానుకున్న ప్రయాణాలు దానికి అందవు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక బస్సులు కిటకిటలాడాయి. పనీపాటా లేక తిరుగుతున్నారని వెక్కిరించినవాళ్లున్నారు. నిజానికి అంతకుముందు ఛార్జీ ఎంతమందిని గడప దాటనివ్వలేదో ఆ రద్దీ బయటపెట్టింది. ఏ బస్తీలో ఆడవాళ్లను అడిగినా ఈ సంగతి ముందే చెప్పేవారు. నాలుగిళ్లలో పనిచేసి, దారిలో రేషన్ తీసుకుని, పిల్లను బడి నుంచి తెచ్చుకునే మనిషి రాకపోకలు ఇంటికీ ఆఫీసుకీ మధ్య గీసిన గీతలో ఇమడవు. జనాన్ని అడగకుండా చేసే పర్యావరణ పథకం కూడా ఇలాగే దారితప్పుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ కప్పు కట్టారు. మంచిదే. కానీ నగరం నడిబొడ్డున సైకిల్ మీద పాలు, పేపర్లు వేసేవాడికి గజం దారి లేదు.

జనానికి సాంకేతిక విషయాలు తెలియవంటారు. జ్యూరిక్‌లో ట్రాములను భూగర్భంలోకి దించే పథకాన్ని 1962లో, మెట్రో పథకాన్ని 1973లో ఓటర్లే తిరస్కరించారు. 1977లో వాళ్లే ట్రాములకు, బస్సులకు రోడ్డు మీద ముందు దారి ఇవ్వడానికి 20 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేశారు. ఆ ఊరి ప్రజారవాణాను ఇవాళ ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. బెంగళూరులో స్టీల్ ఫ్లైఓవర్‌ వద్దని 2016లో జనం మానవహారం కట్టారు, మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. వద్దన్న పౌరులే సబర్బన్ రైలు కావాలని ఉద్యమించారు. అడిగితే ఆలస్యమవుతుందనేవాళ్లు హైదరాబాద్ పాతబస్తీ మెట్రోను ఉదాహరణ చూపిస్తారు. మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను 2020లో ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయిన మాట నిజమే. అక్కడ వినిపించినవి ఆస్తులు, ప్రార్థనా స్థలాల గురించిన అభ్యంతరాలు. రైలెక్కాల్సినవాళ్లకు మాట్లాడే వేదికే లేదు. ఢిల్లీలో 2008లో వచ్చిన బస్ కారిడార్‌దీ అదే కథ. కార్లవాళ్ల గోల పత్రికలకెక్కింది, బస్సుల్లో త్వరగా ఇల్లు చేరుతున్నవాళ్ల మాట ఎక్కలేదు. హైకోర్టు నిలబెట్టిన ఆ కారిడార్‌ను 2016లో పీకేశారు. ఆలస్యానికీ వృథాకీ కారణం అందరినీ అడగకపోవడమే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: సభ పెడితే వచ్చేది కాలనీ సంఘాల పెద్దలే, వాళ్లడిగేది పార్కింగే. దీన్ని కొట్టిపారేయలేం. అయితే దీనికి మందు మన చట్టాల్లోనే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం సీట్లు ఆ వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులకే ఇచ్చింది, అందులో మూడోవంతు ఆడవాళ్లకు. అమలు నత్తనడకన సాగినా సూత్రం సరైనది. వార్డు స్థాయి రవాణా కమిటీల్లో బస్సెక్కేవాళ్లకు, నడిచేవాళ్లకు, వికలాంగులకు, ఆటో డ్రైవర్లకు, కండక్టర్లకు ఇలాగే చట్టబద్ధమైన సీట్లుండాలి. సభలు సర్కిల్ ఆఫీసులో పగటి పూట పెట్టి చేతులు దులుపుకోకూడదు. బస్టాపుల్లో, లేబర్ అడ్డాల్లో, షిఫ్టు దిగే వేళ పెట్టాలి. ఒక్కో రోడ్డు మీద ఎన్ని వాహనాలు వెళ్తున్నాయో కాకుండా ఎంతమంది మనుషులు వెళ్తున్నారో లెక్కగట్టి, ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) మొదలుకాకముందే తెలుగులో, ఉర్దూలో అక్కడ అతికించాలి. కమిటీ వద్దన్న పథకాన్ని కట్టితీరాలనుకుంటే కారణాలు రాతపూర్వకంగా చెప్పాకే టెండరు పిలవాలి.