నెగడు చుట్టూ లోకం

సంక్రాంతి ముందురోజు. తెల్లవారుజాము. వీధి మొదట్లో భోగిమంట. అటక మీది విరిగిన కుర్చీ, చీకిపోయిన తలుపు చెక్క, పిల్లలు గుచ్చిన పిడకల దండ... అన్నీ అందులోకే. పాత పోవాలి, కొత్త రావాలి. ఇదీ మన ఆశ.

ఈ ఆశ మనొక్కరిదే కాదు. మంచు దీవుల్లో, కొండల మీద, సముద్రపు ఒడ్డున... ఏడాదిలో ఏదో ఒకరోజు ఊరుఊరంతా కదిలొచ్చి ఒక నెగడు చుట్టూ నిలబడే అలవాటు ఎన్నో దేశాల్లో ఉంది. కొన్నిచోట్ల అది చలికి వీడ్కోలు. కొన్నిచోట్ల పెద్దలకు వీడ్కోలు. ఇంకొన్నిచోట్ల పాత పగకు గుర్తు. అగ్గిపుల్ల గీయడం ఎవరికైనా వచ్చు. ఏది కాల్చాలి, ఏది ఉంచుకోవాలి, ఎక్కడ ఆపాలి... ఆ లెక్క దగ్గరే ఒక్కో ఊరిది ఒక్కో కథ.

ఏడాది కష్టం... ఒక్క రాత్రిలో బూడిద

స్పెయిన్‌లోని వాలెన్సియా నగరంలో ఏటా మార్చిలో జరిగే పండగ పేరు ఫాయస్. చలికాలమంతా దీపాలు వేలాడదీసుకున్న చెక్క స్తంభాలను వసంతం రాగానే వడ్రంగులు వీధిలో పడేసి కాల్చేవారని, అదే ఈ పండగకు మొదలని చెబుతారు. రానురాను ఆ స్తంభాలకు బట్టలు తొడిగారు. ముఖాలు పెట్టారు. ఇప్పుడవి అంతస్తుల ఎత్తు బొమ్మల కొలువులు. పేటపేటకీ ఒక సంఘం. ఏడాది పొడవునా చందాలు పోగు చేస్తారు. కళాకారులు నెలల తరబడి బొమ్మలు చేస్తారు. రాజకీయ నాయకులు, సినిమా తారలు, ఆటగాళ్లు... ఎవరినీ వదలరు. అందరి మీదా వెటకారమే!

మార్చి 15 నుంచి వందలాది కూడళ్లలో ఈ కొలువులు నిలబడతాయి. చూసేవాళ్లకు రెండు కళ్లూ చాలవు. తీరా 19వ తేదీ రాత్రి అన్నిటికీ నిప్పు పెట్టేస్తారు. ముందు పిల్లల బొమ్మలు, తర్వాత పెద్దవి, అన్నిటికంటే చివర నగరపాలక సంస్థ కొలువు. పక్కనున్న మేడల గోడలను ఫైరింజన్ సిబ్బంది నీళ్లతో తడుపుతూనే ఉంటారు. పండగ రాణులుగా ఎంపికైన అమ్మాయిలు మంట చూస్తూ వలవలా ఏడవడమూ అక్కడ మామూలే.

అయితే అన్నీ కాలిపోవు. 1934 నుంచీ అక్కడో పద్ధతి ఉంది. పండగకు ముందే ఒక్కో సంఘం తమ కొలువులోంచి ఒక బొమ్మను ప్రదర్శనకు పెడుతుంది. జనం చూసి ఓట్లు వేస్తారు. గెలిచిన బొమ్మకు ‘క్షమాభిక్ష’. అది మంటలోకి కాకుండా మ్యూజియంలోకి వెళ్తుంది. తాతామనవలో, పల్లెలోని ముసలమ్మో... అలా బతికి బయటపడ్డ బొమ్మల్ని వరసగా చూస్తే ఆ ఊరి మనసు ఏ ఏడాది దేనికి కరిగిందో తెలిసిపోతుంది. 2016లో యునెస్కో ఈ పండగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2020 మార్చిలో కరోనా వల్ల పండగ ఆగిపోయింది. మళ్లీ 2021 సెప్టెంబరులో, రుతువు కాని రుతువులో జరుపుకున్నారు.

ఈ పండగకూ ఒక తలనొప్పి ఉంది. ఒకప్పుడు చెక్క, అట్ట, గుడ్డపీలికలతో చేసే బొమ్మలు తర్వాత్తర్వాత థర్మోకోల్ లాంటి పదార్థానికి మారాయి. చేయడం తేలిక. కాలితే మాత్రం నల్లటి పొగ. అందుకే కొందరు కళాకారులు మళ్లీ చెక్క వైపు వస్తున్నారు.

తల పేలితే ఎండలు!

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో చలికాలాన్ని సాగనంపే బాధ్యత ఓ మంచు మనిషిది. పేరు ‘బోగ్’. వినడానికి మన భోగికి చుట్టంలా ఉన్నా రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఏప్రిల్‌లో ఒక సోమవారం సాయంత్రం ఆరు గంటలకు చర్చి గంటలు మోగగానే పెద్ద కట్టెల మోపు మీద నిలబెట్టిన ఈ బొమ్మకు నిప్పంటిస్తారు. పండగ పేరు జెక్సెలాయిటెన్. ఆరు గంటల గంట మోగడం అని అర్థం. పాతకాలపు వృత్తి సంఘాల వాళ్లు గుర్రాల మీద మంట చుట్టూ పరుగులు తీస్తుంటే జనం గడియారాలు చూసుకుంటుంటారు. ఎందుకంటే బొమ్మ తలలో బాణసంచా ఉంటుంది. అది ఎంత త్వరగా పేలితే ఆ ఏడాది వేసవి అంత బాగుంటుందని నమ్మకం.

2003లో 5 నిమిషాల 42 సెకన్లలోనే పేలిపోయింది. ఆ ఏడాది యూరప్‌ను చరిత్రలో గుర్తుండిపోయే వడగాలులు వణికించాయి. ఇంకేం, బోగ్ మాట నిజమేనన్నారు జనం. 2023లో మాత్రం తల పేలడానికి 57 నిమిషాలు పట్టింది. ఆ ఏడాదీ వేసవి మామూలుగానే వచ్చింది! ఇక 2024లో అసలు అంటించనే లేదు. గాలి బాగా వీస్తోందని, నిప్పురవ్వలు జనం మీద పడతాయని నిర్వాహకులు ఆపేశారు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెనుదిరిగారు. చివరికి జూన్ 22న హైడెన్ అనే మరో ఊళ్లో బోగ్‌ను కాల్చారు. ఏటా మంట ఆరాక ఆ నిప్పుల మీద సాసేజ్‌లు కాల్చుకు తినడం జ్యూరిక్ వాళ్లకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మనవాళ్లు భోగి నిప్పుల మీద నీళ్లు కాచుకున్నట్టే అన్నమాట.

ఓడకు కాగడాలు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, సముద్రం మధ్యలో షెట్లాండ్ దీవులు. 1469 దాకా ఇవి నార్వే, డెన్మార్క్ రాజ్యంలో భాగం. ఆ పాత బంధాన్ని ఏటా జనవరి చివరి మంగళవారం రాత్రి గుర్తుచేసుకుంటుంది లెర్విక్ పట్టణం. పండగ పేరు ‘అప్ హెలీ ఆ’. వైకింగ్ యోధుల వేషంలో ఒక నాయకుడు, అతని దళం. వాళ్ల వెనక రకరకాల వేషాల్లో వందలమంది. అందరి చేతుల్లోనూ కాగడాలు. వీధి దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో ఆ కాగడాల వరస కదులుతుంటే నిప్పుల నది పారుతున్నట్టే ఉంటుంది. మధ్యలో నెలల తరబడి కష్టపడి చేసిన చెక్క ఓడ. ఊరేగింపు అయ్యాక అందరూ ఆ ఓడ చుట్టూ చేరి కాగడాలు అందులోకి విసురుతారు. గాలివాన వచ్చినా సరే పండగ వాయిదా పడదు. మర్నాడు ఊరికి సెలవు. రాత్రంతా ఆటపాటలాయె మరి!

చూడ్డానికి వెయ్యేళ్లనాటి ఆచారంలా ఉన్నా, ఇది 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నదే. అంతకుముందు కుర్రాళ్లు మండుతున్న తారు పీపాలను సందుల్లో ఈడ్చుకెళ్తూ గోల చేసేవాళ్లు. ప్రమాదమని దాన్ని ఆపాకే కాగడాల ఊరేగింపు, తర్వాత ఓడ వచ్చాయి. అల్లరిని ఊరే ఒక దారిలో పెట్టుకుందన్నమాట.

మరో మార్పుకు మాత్రం చాలా కాలం పట్టింది. లెర్విక్ ఊరేగింపులో మగవాళ్లకే చోటు. ఆడవాళ్లు రాత్రంతా హాళ్లలో వంటలు, వడ్డనలు చూసుకోవాలి. ‘అమ్మాయిలు కాగడా పట్టుకుంటే తప్పేంటి’ అన్న ప్రశ్న ఏళ్ల తరబడి నలిగింది. అదే దీవుల్లోని సౌత్ మెయిన్‌లాండ్‌లో 2015లోనే ఒక మహిళ దళానికి నాయకురాలైంది. లెర్విక్‌లో 2023 నుంచి ఆడవాళ్లకూ దళాల్లో చేరే వీలు దొరికింది. ఓడ ఎప్పటిలాగే కాలింది. ఏ అనర్థమూ జరగలేదు.

కొండ మీద వీడ్కోలు

జపాన్‌లోని క్యోటోలో ఆగస్టు 16 రాత్రి. ఎనిమిది గంటలకు ఊరు పక్కనున్న కొండ మీద నిప్పుతో రాసిన ఒక పెద్ద అక్షరం వెలుగుతుంది. ‘దాయ్’... అంటే ‘పెద్ద’ అని అర్థం. అందులో పొడవైన గీత 160 మీటర్లు. మొత్తం 75 చోట్ల కట్టెలు పేర్చి ఒకేసారి వెలిగిస్తారు. తర్వాత ఒక్కో కొండ మీదా ఒక్కోటి. ఒకచోట ఓడ బొమ్మ, ఇంకోచోట గుడి తోరణం. మొత్తం అయిదు కొండలు. మన పితృపక్షాల్లాగే అక్కడ ‘ఒబోన్’ రోజుల్లో చనిపోయిన పెద్దలు ఇంటికొస్తారని నమ్మకం. తిరిగి వెళ్లే దారిలో వాళ్లకు చీకటి కాకుండా ఈ వెలుగు. ముందే చెక్కపేళ్ల మీద పోయినవాళ్ల పేర్లు, ఇంట్లోవాళ్ల జబ్బులు రాసిస్తే వాటినీ మంటలో వేస్తారు.

2011 మార్చిలో సునామీ వచ్చింది. రికుజెన్‌తకాతా అనే పట్టణం తీరంలోని సుమారు 70 వేల పైన్ చెట్ల తోపు కొట్టుకుపోయింది. ఆ కలపను క్యోటోకు తెచ్చి, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల మాటలు దానిమీద రాసి కొండ మీది మంటలో వేయాలనుకున్నారు. అంతలో ఫుకుషిమా భయం. ఆ కలపలో అణుధార్మికత ఉంటే పొగతో ఊరంతా పాకుతుందేమోనని కొందరు ఆందోళన పడ్డారు. పరీక్షిస్తే ఏమీ లేదని తేలింది. అయినా నిర్వాహకులు వద్దనుకున్నారు. బాధితుల మనసు కష్టపెట్టారని దేశమంతా దుమ్మెత్తిపోసింది. ఆ చెక్కలను చివరికి వాళ్ల ఊళ్లోనే కాల్చారు. క్యోటో వాళ్లు తప్పు దిద్దుకుందామని మళ్లీ కొత్తగా కలప తెప్పించారు. ఈసారి పరీక్షలో నిజంగానే సీజియం జాడ కనిపించింది. మళ్లీ రద్దు! భయపడినందుకు మాట పడ్డారు, ధైర్యం చేస్తే ఇలా అయింది. ఎవరిని తప్పుపట్టాలి?

బొమ్మ... వెనక మనిషి

ఇంగ్లండ్‌లో నవంబరు 5 రాత్రి గై ఫాక్స్ దిష్టిబొమ్మను కాలుస్తారు. 1605లో పార్లమెంటు భవనం కింద 36 పీపాల మందుగుండుతో పట్టుబడ్డవాడు అతనే. కేథలిక్కులు రాజును చంపాలని చూసిన కుట్ర అది. దేవుడికి కృతజ్ఞతగా ఏటా ఆ రోజు ప్రార్థనలు చేయాలని చట్టమే తెచ్చారు. 1859 దాకా అది అమల్లో ఉంది. అంటే రెండున్నర శతాబ్దాలపాటు మంటతోపాటు మతాల మధ్య పగా రాజుకుంటూనే వచ్చిందన్నమాట. ఇప్పుడు ఎక్కువమందికి అది బాణసంచా రాత్రి మాత్రమే. యార్క్ నగరంలోని సెయింట్ పీటర్స్ బడి మాత్రం ఈ దిష్టిబొమ్మను కాల్చదు. కారణం... గై ఫాక్స్ చదువుకున్నది అక్కడే. ఎంత చెడ్డవాడైనా తమ బడి పిల్లవాడేనట!

డెన్మార్క్‌లో జూన్ 23 రాత్రి తీరాల వెంట నెగళ్లు వెలుగుతాయి. పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మ. ఒకప్పుడు అక్కడ మంత్రగత్తెలన్న నెపంతో నిజం ఆడవాళ్లనే కాల్చి చంపారు. ఆ సంగతి తలచుకుని, ఇక ఈ బొమ్మ ఎందుకని అడిగేవాళ్లు ఇప్పుడు అక్కడా ఉన్నారు. మంట ఉండనీ, బొమ్మ తీసేద్దామంటారు వాళ్లు. 2023 జూన్‌లో వానల్లేక నేల ఎండిపోవడంతో చాలా మున్సిపాలిటీలు మంటనే వద్దన్నాయి. జనం మంట లేకుండానే తీరంలో చేరి పాటలు పాడుకున్నారు.

ఎత్తు పోటీలు... ఎంత పని చేశాయి!

మంట చుట్టూ పోటీ మొదలైతే ప్రమాదమే. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు వేల దుంగలతో మంట వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున, దాదాపు 60 అడుగుల ఎత్తుకు పేర్చిన ఆ దుంగలు కూలిపోయాయి. 12 మంది ప్రాణాలు పోయాయి. అప్పటికింకా నిప్పు కూడా పెట్టలేదు! ఆ తర్వాత విశ్వవిద్యాలయం తన ఆవరణలో మళ్లీ మంట వేయనివ్వలేదు.

నెదర్లాండ్స్‌లో స్కెవనింగెన్, డైన్‌డార్ప్ అనే రెండు పేటలది ఇలాంటి పంతమే. కొత్త సంవత్సరం రాత్రి సముద్రతీరంలో ఎవరి మంట ఎత్తుగా ఉంటుందోనని పోటీ. 2018 డిసెంబరు 31న ఒప్పుకున్నది 35 మీటర్లు. పేర్చింది అంతకు మించి. గాలి ఊరి వైపు తిరిగింది. ఆకాశం నుంచి నిప్పులవాన. ఇళ్ల ముందు, సందుల్లో చిన్న చిన్న మంటలు. విచారణ జరిగింది. 2019 అక్టోబరులో ద హేగ్ మేయర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో మంటకు అనుమతి దొరకలేదు.

మన వీధి చివర

మనకు అంత ఎత్తులు లేవు. మన చిక్కు వేరు. ఒకప్పుడు పాతసామాను అంటే చెక్క, చాప, తాటాకు, పిడక. ఇప్పుడు ఇంట్లో పాతదేదంటే ప్లాస్టిక్ కుర్చీ, పాత టైరు, పరుపులోని ఫోమ్, కరెంటు వైరు. అవి మంటలో పడితే వచ్చేది వెచ్చదనం కాదు, విషపు పొగ. జనవరి తెల్లవారుజామున గాలి కదలదు. పైనున్న వెచ్చటి గాలి పొర పొగను నేలకే అణిచిపెడుతుంది. 2018 భోగినాడు చెన్నైలో పొగ, మంచు కలిసి విమానాలు దిగలేక వేరే ఊళ్లకు మళ్లాయి. విమానాలకే అంత కష్టమైతే, పక్కింట్లో ఆయాసంతో ఉన్న తాతగారి సంగతేమిటి?

అలాగని భోగిమంట మానక్కర్లేదు. నాలుగు ఎండు కట్టెలు, నాలుగు పిడకలు, ఊరి పిల్లలు చాలు. తీగలు, గడ్డివాములు, పూరిళ్లు దగ్గర్లో లేని చోటు చూసుకుంటే చాలు. రెండు బకెట్ల నీళ్లు పక్కన పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. ప్లాస్టిక్ సామానంతా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే నాలుగు రూపాయలూ వస్తాయి.

ఈసారి అటక దించేటప్పుడు వాలెన్సియా వాళ్లలా ఇంటిల్లిపాదీ ఓట్లు వేసుకుంటే ఇంకా సరదా. ఒక్క వస్తువుకు క్షమాభిక్ష! నాన్న చిన్నప్పటి పలకో, నానమ్మ చెక్క సందుగో... ఏది గెలుస్తుందో చూడండి.