మన ఆరోగ్యము: కండ కరుగుతుంటే ఊరుకోకండి



కాలు విరిగి పిండికట్టు వేయించుకున్న మనిషికి కట్టు విప్పినప్పుడు చూడండి. ఆ కాలు రెండవ కాలికంటె సన్నగా ఉంటుంది. శరీరములో ఒక భాగము ఇలా చిక్కిపోవడాన్ని వైద్యులు అట్రఫీ, అంటే క్షీణత అంటారు. పని లేక తగ్గిన కండ, పని మొదలుపెడితే మళ్లీ వస్తుంది. దానికి భయపడనక్కరలేదు.

నరము చెడి కండ కరగడము వేరు. మెదడు ఆజ్ఞ నరము ద్వారానే కండకు చేరుతుంది. ఆ దారి తెగితే ఎంత మంచి తిండి తిన్నా కండ నిలవదు. సువార్తలలో ఊచచెయ్యి గలవాని గూర్చి చదువుతాము. మన దేశములో చెయ్యి అలా ఎండిపోవడానికి ఒక కారణము కుష్ఠు.

మోచేతి వెనుక, లోపలివైపు, చర్మము క్రిందనే ఒక నరము పోతుంది. కుష్ఠు దానిని పట్టుకుంటే చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు మొద్దుబారతాయి. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మధ్యనున్న కండ తగ్గి గుంట పడుతుంది. తరువాత వ్రేళ్లు కొక్కెమువలె వంగుతాయి. మైపాడులోనో జువ్వలదిన్నెలోనో వల బాగుచేసేవారికి దారము పట్టు జారుతుంది. వంట చేసే తల్లికి చెయ్యి కాలినా తెలియదు.

మన నెల్లూరువారు వైద్యానికి వెళ్లే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. వ్రేళ్లు కుళ్లి రాలిపోవడము లేదనీ, స్పర్శ లేని చేతికి తగిలే గాయాలే వాటిని పోగొడుతున్నాయనీ ఆయన చూపించారు. బలమున్న కండ తాలూకు స్నాయువును తెచ్చి చచ్చుబడిన వ్రేళ్లకు కలిపి కుట్టారు. ఆపైన మెదడు నేర్చుకోవాలి. ఒక పని చేసే కండతో మరొక పని చేయించడము వారాల తరబడి అభ్యాసముతోనే వస్తుంది.

మెదడు కూడా వయసుతో కొంత కుంచించుకుపోతుంది. అది సహజమే. గాని అడిగిందే మళ్లీ మళ్లీ అడగడము, తెలిసిన దారి తప్పడము ముసలితనమని వదిలేయకండి. అల్జీమర్స్ జబ్బులో నశించిన కణాలు తిరిగి రావు. అయితే బి12 విటమిను లోపము వల్లనో, థైరాయిడ్ జబ్బు వల్లనో వచ్చిన మతిమరుపు వైద్యముతో తగ్గవచ్చు. సారాయి మెదడును క్షీణింపజేస్తుంది. మానినవారికి కొంత మేలు కనబడుతుంది.

కుష్ఠు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. రోగాన్నిబట్టి ఆరు నెలలో, సంవత్సరమో వాడాలి. చెయ్యి బలహీనపడి ఆరు నెలలు దాటకముందే వైద్యము మొదలైతే నరము కోలుకునే అవకాశము ఎక్కువ. ఊరివారు ఏమనుకుంటారోనని దాచిన నెలలే చేతిని పోగొడతాయి.

మంచాన పడిన పెద్దలుంటే డాక్టరును అడిగి రోజూ వారి కాళ్లు చేతులు మెల్లగా కదిలించండి. ఈ రాత్రి ఇంటిల్లిపాదీ చేతులు చాచి దీపము వెలుగులో చూసుకోండి. రెండు చేతులూ ఒకేలా లేకపోతే, లేక ఒంటిమీద మొద్దుబారిన మచ్చ కనబడితే, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లండి.