ఇంట్లోనే ఉంటారుగా!

పోయిన నెల మా పెద్దమ్మని వెంటబెట్టుకుని అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా చెవి మిషన్ల దుకాణాలు తిరిగాను. ఒకచోట పరీక్ష అయ్యాక అక్కడి అబ్బాయి కాగితం నా చేతికిచ్చి, "ఈవిడ ఇంట్లోనే ఉంటారుగా మేడమ్, మామూలుది చాలు" అన్నాడు. పెద్దమ్మ పక్కనే కూర్చునుంది. ఆవిడనెవరూ ఏమీ అడగలేదు.

ఇల్లంటే నిశ్శబ్దమా? కుక్కరు కూత, మిక్సీ, పంపు, టీవీ. వీటన్నిటి మధ్య మనవరాలి సన్నటి గొంతు వినపడాలి. వయసుతో వచ్చే చెవుడులో ముందు జారిపోయేవి ఆ సన్నటి శబ్దాలే, స, త లాంటి హల్లులే. బాగా చవక మిషను మాటనీ రొదనీ కలిపే పెంచుతుంది. ఎదుటివారి మాటనే ఎక్కువగా పట్టే మైకులు, రొద తగ్గించే ఏర్పాటు మెరుగ్గా ఉన్నవాటికి ధర ఎక్కువ. ఇంటిచాకిరీ పని కానట్టే, ఇంటి రొద కూడా రొద కాదు కాబోలు!

ఈ చూపు కొత్తది కాదు. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద ఏళ్ళ తరబడి పంచింది జేబు మిషన్లనే. మన రవికెకి జేబేది? లోపల దోపుకుంటే బట్ట రాపిడి చెవిలో హోరు. పెళ్ళికాని పిల్లకైతే "ఎవరికీ కనపడదు" అంటూ చెవి లోపల ఇమిడేది అంటగడతారు. చెవుడు తీవ్రంగా ఉంటే అంత చిన్న మిషను శక్తి చాలదు. అక్కడ మనం డబ్బు పోసేది వినికిడికి కాదు, సిగ్గుకి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. మామూలు సంభాషణ వినపడేదీ దాదాపు ఆ స్థాయిలోనే. యాభై దగ్గర ఆగిన స్త్రీ దుకాణానికే వెళ్ళాలి, కొడుకు జేబు వైపే చూడాలి.

కాబట్టి మిషన్లని పోల్చేటప్పుడు ధరలతో మొదలుపెట్టొద్దు. పెట్టుకునే మనిషినే అడుగుదాం: రోజంతా ఎక్కడుంటావు, ఎవరి మాట అందడం లేదు? ఆడియోగ్రామ్ ఆమె చేతికే ఇప్పిద్దాం. కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలోనూ పరీక్షలు చేస్తారు. రెండు మూడు రకాలు పెట్టించి, దుకాణం గదిలోనే కాక బయట రోడ్డు మీద కూడా మాట్లాడి చూద్దాం. బ్యాటరీల ఖర్చు, మరమ్మతు సంగతి ముందే తేల్చుకుందాం.

తిరిగొస్తూ ఆటోలో నేనూ అడిగాను, ఏం వినాలనుందని. "నన్ను గురించి మీరంతా ఏం తేలుస్తున్నారో, అది" అంది పెద్దమ్మ.